48 వోల్టుల ఆరోగ్యం సంగతి కాగితం మీద రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఖరీదైన ఎస్‌యూవీల 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ పెట్రోల్ ఇంజన్ల మీద ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. హార్స్‌పవర్ ఎంత, టార్కు ఎంత, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుంది అన్నవన్నీ పట్టికలో పొందికగా ఇచ్చారు. పట్టికలో తప్పు లేదు. కానీ ఆ బండికి అయిదారేళ్ల వయసు వచ్చాక ఎలా నడుస్తుందో, శ్రీకాకుళం లాంటి చోట రోడ్డు మీద ఆగిపోతే ఎవరు చూస్తారో ఒక్క వాక్యం కూడా లేదు. మా జిల్లాలో ఈ బళ్లు కొనేవాళ్లు నన్ను అడుగుతున్నది ఆ రెండు విషయాలే.

సింహద్వారం దగ్గర నాకొక ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. అంబాసిడర్ కార్ల డైనమోలకు ఆర్మేచర్ చుట్టిన కాలం నుంచి నాది ఇదే పని. డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, కార్బ్యురేటర్ పోయి ఇంజక్షన్ వచ్చింది, టెస్ట్ ల్యాంపు స్థానంలో స్కానర్ వచ్చింది. ప్రతి మార్పునూ కొంత ఆలస్యంగానైనా మా ఊళ్లలోని మెకానిక్కులు నేర్చుకున్నారు. పెట్రోల్ ఇంజన్‌కు చిన్న కరెంటు మోటారు సాయం చేసే ఈ మైల్డ్ హైబ్రిడ్ దగ్గర మాత్రం ఆ గొలుసు తెగింది. పలాస జీడిపప్పు వ్యాపారులు, టెక్కలి గ్రానైట్ క్వారీల వాళ్లు, రొయ్యల చెరువుల యజమానులు, భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల భూములు అమ్ముకున్నవాళ్లు ఈ బళ్లు కొంటున్నారు. అందులో ఎక్కువమంది కొత్తవి కొనడం లేదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో నాలుగైదేళ్లు తిరిగిన బండిని, కొత్త ధరలో సగానికో అంతకంటే తక్కువకో తెచ్చుకుంటున్నారు. కష్టపడి సంపాదించిన డబ్బు అది. కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ బళ్లు ఇప్పుడే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఎందుకు కనిపిస్తున్నాయంటే, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు ఆడి మన దేశంలో డీజిల్‌కు స్వస్తి చెప్పింది. 2021లో వోల్వో కూడా అదే దారి పట్టింది. ఆడి క్యూ8, వోల్వో ఎక్స్‌సీ60, మెర్సిడెస్ జీఎల్ఈ 450 వంటివి 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ పెట్రోల్ ఇంజన్లతో రోడ్డెక్కింది ఆ రోజుల్లోనే. అప్పుడు కొన్న మొదటి యజమానులు ఇప్పుడు అమ్ముకుంటున్నారు.

పని తీరు కష్టమైనది కాదు. మామూలు కారులో సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను తిప్పి వదిలేస్తుంది, ఆల్టర్నేటర్ బ్యాటరీని చార్జ్ చేస్తుంది. మైల్డ్ హైబ్రిడ్‌లో ఈ రెండు పనులనూ ఒకే యంత్రం చేస్తుంది. దాన్ని స్టార్టర్ జనరేటర్ అంటారు. బ్రేకు తొక్కినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు అది జనరేటర్‌గా మారి కరెంటు పుట్టించి 48 వోల్టుల లిథియం బ్యాటరీలో దాస్తుంది. బండి ముందుకు దూకాల్సినప్పుడు అదే కరెంటుతో మోటారై ఇంజన్‌కు భుజం పడుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్‌ను ఆపి, కుదుపు తెలియకుండా మళ్లీ లేపుతుంది. ఆ బ్యాటరీలో పట్టేది దాదాపు ఒక యూనిట్ కరెంటు, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. అందుకని ఈ బళ్లు కేవలం కరెంటు మీద ప్రయాణం చేయలేవు. టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే కాసేపు బండిని లాగగలదు, ఇందులో ఆ ఏర్పాటు లేదు. ప్లగ్ పెట్టి చార్జ్ చేసే పని కూడా ఉండదు. ఇంత చిన్న విషయం చెప్పకుండా అమ్మేవాళ్లు ఉన్నారు.

48 వోల్టులే ఎందుకో కూడా చెప్పాలి. 60 వోల్టుల డీసీ దాటితే హై వోల్టేజీ కిందికి వస్తుంది, నారింజ రంగు కేబుళ్లు, ప్రత్యేక రక్షణ కావాలి. ఆ గీత దాటకుండా వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టడానికి 48 దగ్గర ఆగారు. పాత ఆల్టర్నేటర్ 14 వోల్టుల వద్ద 150 ఆంపియర్లు ఇచ్చినా 2,100 వాట్లే. అదే 150 ఆంపియర్లు 48 వోల్టుల వద్ద 7,200 వాట్లు.

ఈ యంత్రాన్ని ఎక్కడ అమర్చారన్నది బండి బండికీ మారుతుంది, రిపేరు ఖర్చు కూడా దాన్నిబట్టే ఉంటుంది. ఆ రోజుల్లో వచ్చిన మెర్సిడెస్ జీఎల్ఈ 450లో ఉన్నది ఎం256 అనే ఆరు సిలిండర్ల ఇంజన్. 2,999 సీసీ, 367 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్కు. స్టార్టర్ జనరేటర్ ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యలో కూర్చుని మరో 22 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు జోడిస్తుంది. ఇంజన్ ముందు భాగంలో బెల్టు అన్నదే లేదు. వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుతోనే తిరుగుతాయి. బీఎండబ్ల్యూ ఎక్స్5లో 2023 నుంచి వస్తున్న 2,998 సీసీ ఇంజన్ 381 హార్స్‌పవర్, 520 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అందులో మోటారును గేర్‌బాక్సులోనే ఇమిడ్చారు. ఆడి క్యూ7, క్యూ8లలోని 2,995 సీసీ వీ6 ఇంజన్‌కు 340 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు. 2021 నాటి వోల్వో ఎక్స్‌సీ60 బీ5కు నాలుగు సిలిండర్లే, 1,969 సీసీ, 250 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్లు. ఈ ఆడి, వోల్వో ఇంజన్లలో స్టార్టర్ జనరేటర్‌ను బెల్టు తిప్పుతుంది. రేంజ్ రోవర్ల 2,996 సీసీ ఇంజీనియం ఇంజన్ కూడా బెల్టు పద్ధతిదే, దానికి అదనంగా కరెంటుతో తిరిగే సూపర్‌చార్జర్ ఉంటుంది. బెల్టు రకమైతే పై నుంచి విప్పి చూడవచ్చు. గేర్‌బాక్సు దగ్గర ఉన్న రకమైతే గేర్‌బాక్సు దించాల్సిందే. పాత బండి కొనేవాడు మొదట తెలుసుకోవాల్సిన తేడా ఇది. మీ పట్టికలో దానికి ఒక గడి కూడా లేదు.

ఇంజన్ల మన్నిక గురించి నిజాయితీగా చెప్పాలి. పిస్టన్లు, క్రాంకు, హెడ్డు మొదలైన అసలు ఇంజన్ భాగాల విషయంలో ఇవి మంచి ఇంజన్లే. వరుసగా ఆరు సిలిండర్లు ఉన్న ఇంజన్‌కు సహజంగానే అదురు తక్కువ. ఎక్స్5లో ఉన్న బీఎండబ్ల్యూ బీ58 ఇంజన్ల కుటుంబం 2015 నుంచి ఉంది, టయోటా తన సుప్రా స్పోర్ట్స్ కారు కోసం ఏరికోరి దాన్నే తీసుకుందంటే నమ్మకం లేకుండానా? సమయానికి ఆయిలు మార్చి, టర్బో వేడి చల్లారనిచ్చి, కూలెంట్ లీకులు చూసుకుంటే ఇవి చాలా దూరం వస్తాయి. కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఆయిలు మార్చమని నేను నా ఖాతాదారులకు చెబుతాను. మా ఎండకు, పొట్టి ప్రయాణాలకు అది అవసరం. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లు కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకునే గుణం ఉంటుంది. ఊళ్లోనే డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల జంక్షన్ వరకు వెళ్లి వచ్చే బండి కంటే, వారానికొకసారి హైవే మీద విశాఖ దాకా వెళ్లి వచ్చే బండి ఆరోగ్యంగా ఉంటుంది. ఇంతవరకు భయపడాల్సింది ఏమీ లేదు.

ఇబ్బందంతా 48 వోల్టుల వైపే ఉంది. లెక్క వేసి చూపిస్తాను. 22 హార్స్‌పవర్ అంటే సుమారు 16 కిలోవాట్లు. దాన్ని 48తో భాగిస్తే 330 ఆంపియర్లకు పైన వస్తుంది. అంత కరెంటు ఒక కేబుల్ గుండా, ఒక ఎర్త్ బోల్టు గుండా పోతుంది. ఆ బోల్టు దగ్గర తుప్పు పట్టో, బిగింపు చాలకో ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం పెరిగిందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించాలి కాబట్టి ఆ ఒక్క బోల్టు దగ్గరే 110 వాట్ల వేడి పుడుతుంది. నా బల్ల మీది సోల్డరింగ్ ఐరన్ కూడా అంత వేడి ఇవ్వదు. మల్టీమీటర్‌తో మిల్లీ ఓమ్‌ను కొలవడం కుదరదు, లోడు పెట్టి వోల్టేజీ ఎంత పడిపోతుందో చూడాలి. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మెర్సిడెస్ కంపెనీయే అమెరికాలో లక్షకు పైగా బళ్లను వెనక్కి పిలిపించింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చునేవారి సీటు కింద ఉండే 48 వోల్టుల ఎర్త్ కనెక్షన్ సరిగా బిగించి ఉండకపోవచ్చని, మంటలు రేగే ప్రమాదం ఉందని రీకాల్‌లో చెప్పింది. లోపాన్ని ఒప్పుకుని పిలిచినందుకు కంపెనీని తప్పుపట్టను. కానీ చేతులు మారిన బండికి అలాంటి రీకాల్ ఏదైనా ఉందా, ఉంటే ఆ పని జరిగిందా అన్నది రెండో యజమానికి ఎవరు చెబుతారు?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇలాంటి బళ్లలో 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. తలుపు తాళాలు, లైట్లు, కంప్యూటర్లు అన్నీ దాని మీదే బతుకుతాయి. కానీ దాన్ని చార్జ్ చేయడానికి వేరే ఆల్టర్నేటర్ ఉండదు. 48 వోల్టుల నుంచి ఒక కన్వర్టర్ ద్వారా 12 వోల్టులకు దించి నింపుతారు. అంటే 48 వోల్టుల వైపు ఏదైనా తెగితే 12 వోల్టుల బ్యాటరీకి రాబడి ఆగిపోతుంది. ఉన్న చార్జి అయిపోగానే బండి రోడ్డు మధ్యలో నిలిచిపోతుంది. వాటర్ పంపు కూడా కరెంటుతో నడిచే ఇంజన్ అయితే, ఎర్ర హెచ్చరిక వచ్చిన తర్వాత ఎలాగోలా ఇంటికి చేరదామని నడిపితే అసలు ఇంజన్‌కే ముప్పు. ఆ హెచ్చరిక వెలిగితే బండిని పక్కకు తీసి ఆపేయాలి, అంతే. తిరగేసినా ఇదే లెక్క. 12 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే కంప్యూటర్లు తికమకపడి 48 వోల్టుల లోపం అని చూపిస్తాయి. అందుకే 12 వోల్టుల బ్యాటరీ బాగుందా లేదా అన్నది ముందు చూడకుండా ఖరీదైన బ్యాటరీ మార్చాలని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దని నేను అందరికీ చెబుతున్నాను. ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పట్టి ఉంచే) బ్యాటరీ ఉండాల్సిన చోట మామూలు బ్యాటరీ పెట్టడం, కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి కంప్యూటర్‌లో నమోదు చేయకపోవడం మా వైపు తరచూ చూస్తున్నాను.

ఉద్దానం ప్రాంతపు వ్యాపారి ఒకాయన పడ్డ బాధ చెబుతాను. కంపెనీ పేరు, అమ్మినవారి పేరు రాయడం లేదు, ఎవరినీ బజారున పెట్టాలని నా ఉద్దేశం కాదు. పెద్ద నగరంలో వాడిన బండి కొన్నారు. మెరుగు పెట్టి, సీట్లు కడిగి, టైర్లు మార్చి అప్పగించారు. వానాకాలంలో కూతురి కాన్పు కోసం ఊరెళ్లి కొన్ని వారాలు బండిని కదపలేదు. తిరిగి వచ్చేసరికి తలుపు కూడా తెరుచుకోలేదు. పక్కింటి ట్రాక్టర్ బ్యాటరీతో జంపర్ వైర్లు కలిపి ఎలాగో స్టార్ట్ చేశారు. కొంత దూరం వెళ్లగానే 48 వోల్టుల బ్యాటరీ లోపమని ఎర్ర అక్షరాలు వచ్చి బండి ఆగింది. నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లి 12 వోల్టుల బ్యాటరీ చూసి, అవతలి వైపు చెయ్యి పెట్టకుండా క్యారియర్ మీద విశాఖ పంపమన్నాను. పలాస నుంచి విశాఖకు 170 కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచైతే ఇంకా ఎక్కువ. క్యారియర్ బాడుగే చిన్న సంసారానికి ఒక నెల ఖర్చు. సర్వీసు సెంటర్‌లో 48 వోల్టుల బ్యాటరీ మార్చాలన్నారు, బిల్లు లక్షల్లో తేలింది. పాత సర్వీసు రికార్డు తెప్పించి చూస్తే, అదే లోపం ఆయన కొనకముందే అందులో నమోదై ఉంది. బండి కంప్యూటర్‌లో పడిన లోపం కోడ్ చెరిపేసి అమ్మారు. చెరిపేసిన కోడ్ కొన్ని రోజులు కనిపించదు, లోపం మాత్రం ఎక్కడికీ పోదు. అమ్మినవారిని అడిగితే "బండి చూసుకునే కదా కొన్నారు" అన్నారట. కూతురి కోసం దాచిన డబ్బులోంచి తీసి కట్టారాయన. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు నాకింకా గుర్తుంది.

మా ప్రాంతం సంగతి వేరని కంపెనీలు గుర్తించాలి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు రోజూ తిరిగే బండికి ఉప్పుగాలి తగలకుండా ఉండదు. ఎర్త్ పాయింట్ల మీద, కప్లర్ల పిన్నుల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. వంశధార, నాగావళి పొంగినప్పుడు రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో జనం ఎలాంటి నీళ్లలో బళ్లు నడపాల్సి వచ్చిందో చూశాను. అప్పుడు తడిసినవి 12 వోల్టుల బళ్లు, ఎండబెట్టి తుడిస్తే చాలావరకు లేచాయి. కొన్ని మోడళ్లలో 48 వోల్టుల బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటుంది, అక్కడికి నీరు చేరితే అది ఎండబెట్టి వాడే వస్తువు కాదు. ఎండ కూడా లిథియం బ్యాటరీకి శత్రువే, మే నెలలో రేకుల షెడ్డు కింద పగలంతా మగ్గే బండి బ్యాటరీకి వయసు త్వరగా మీద పడుతుంది.

మైలేజీ గురించి ఎక్కువ చెప్పను. ఆగి ఆగి కదిలే నగర ట్రాఫిక్‌లో ఈ ఏర్పాటు కొంత పెట్రోల్ ఆదా చేస్తుంది. జాతీయ రహదారి 16 మీద ఒకే వేగంతో వెళ్లేటప్పుడు బ్రేకే పడదు, ఇక కరెంటు ఎక్కడి నుంచి పుడుతుంది? రెండు టన్నులు దాటిన బండి తాగేది తాగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే కాబట్టి లీటరుకు ఆరేడు శాతం శక్తి ముందే తగ్గింది. పాత మోడల్ కొనేవారు పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్, యజమాని పుస్తకం చూసి ఎంత ఇథనాల్‌కు ఒప్పుకున్న బండో తెలుసుకోవాలి. పన్నులో రాయితీ వస్తుందన్న ఆశ కూడా వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోల్, డీజిల్, హైబ్రిడ్ కార్లన్నింటికీ జీఎస్టీ 40 శాతమే. మైల్డ్ హైబ్రిడ్‌లకు ఫేమ్ (కరెంటు, హైబ్రిడ్ బళ్ల పథకం) కింద ఇచ్చిన ప్రోత్సాహకాన్ని కేంద్రం 2017 ఏప్రిల్‌లోనే తీసేసింది.

నేను కోరేది ఒక్క కాగితం. వాడిన మైల్డ్ హైబ్రిడ్ బండిని అమ్మే ప్రతి వ్యాపారీ దాని 48 వోల్టుల భాగాల పరిస్థితిని కంపెనీ స్కానర్‌తో తీసిన రిపోర్టు రూపంలో కొనేవారికి ఇవ్వాలి. బ్యాటరీ ఆరోగ్యం ఎంత ఉంది, ఎప్పుడైనా మార్చారా, స్టార్టర్ జనరేటర్ మీద, కన్వర్టర్ మీద గతంలో ఏ కోడ్‌లు పడ్డాయి, కోడ్‌లు చివరిసారి చెరిపింది ఎప్పుడు, ఛాసిస్ నంబరు మీద రీకాల్ ఏదైనా పెండింగ్‌లో ఉందా అన్నవన్నీ అందులో ఉండాలి. వారంటీ కొనసాగుతుంటే 48 వోల్టుల బ్యాటరీ అందులోకి వస్తుందో రాదో ఒక వాక్యంలో స్పష్టంగా రాయాలి. "ఇంజన్, గేర్‌బాక్సు వారంటీ ఉంది" అని నోటితో చెబితే సరిపోదు, ఆ రెండింటికీ మధ్యలో కూర్చున్న యంత్రం ఏ లెక్కలోకి వస్తుందో తేలకపోతే ఆ వారంటీ దేనికి? బీమా విషయంలోనూ ఇంతే, ఇంజన్ రక్షణ అదనపు పాలసీ తీసుకున్నవారు అందులో ఈ బ్యాటరీ ఉందో లేదో ఏజెంటును అడిగి రాయించుకోవాలి. కొనడానికి వెళ్లేవారు బండిని ముందురోజు రాత్రి నుంచి కదపకుండా ఉంచమని చెప్పి, చల్లటి ఇంజన్‌ను తమ ఎదుటే స్టార్ట్ చేయించాలి. సిగ్నల్ దగ్గర ఆగి లేచే తీరు చూడాలి. ఆ సదుపాయం పనిచేయడం లేదని, బటన్ నొక్కి ఆపేశామని అమ్మేవారు చెబితే నా మటుకు నేను ఆ బండి దగ్గర ఇంకో నిమిషం నిలబడను. అది పనిచేయకపోవడమే చాలాసార్లు 48 వోల్టుల లోపానికి మొదటి లక్షణం.

చట్టం కూడా కొనేవారి పక్షాన ఉంది. వాడిన వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి గుర్తింపు పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ పత్రం లేనివారి దగ్గర కొనకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా, కొన్నవారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే అధికారం ఉంది. బెంగళూరులో కొన్న బండి కోసం బెంగళూరు తిరగనక్కర్లేదు. ఈ సంగతి తెలిస్తే ఆ ఉద్దానం పెద్దాయన అంత నిస్సహాయంగా డబ్బు కట్టి ఉండేవారు కాదు. కానీ కమిషన్ ముందు చూపించడానికి చేతిలో కాగితం ఉండాలి, అందుకే ఆ రిపోర్టు కోసం ఇంత పట్టుబడుతున్నాను.

విశాఖలోని షోరూంల వారికి ఒక విన్నపం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మీ బళ్లు తిరుగుతున్నాయి. ఇక్కడ సర్వీసు సెంటర్ పెట్టేంత వ్యాపారం లేదంటే అర్థం చేసుకుంటాను. కానీ 12 వోల్టుల బ్యాటరీ లోపమా, 48 వోల్టుల లోపమా అని తేల్చగలిగే మనిషి మా జిల్లాకొకరు ఉంటే సగం బళ్లకు క్యారియర్ ఎక్కే అవసరమే ఉండదు. 48 వోల్టులు మనిషిని చంపకపోవచ్చు, కానీ స్పానర్ జారి షార్ట్ అయితే చేతి ఉంగరాన్ని కరిగించగలవు. శిక్షణ లేనివారు ఆ మూత తెరవకూడదన్నది నా షెడ్డులో నియమం. కాబట్టి శిక్షణ ఇవ్వండి. మా షెడ్డులోనూ చుట్టుపక్కల షెడ్డుల్లోనూ ఐటీఐ చదివిన చురుకైన కుర్రాళ్లు ఉన్నారు. సర్క్యూట్ బొమ్మ ఇస్తే చదవగలరు, లోడు పెట్టి వోల్టేజీ పడిపోవడాన్ని కొలవగలరు. వారం రోజులు మీ వర్క్‌షాపులో కూర్చోబెట్టుకుంటే చాలు. నా దగ్గరి వారిని పంపడానికి సిద్ధంగా ఉన్నాను, వారి రానుపోను ఖర్చులు, భోజనం నేనే చూసుకుంటాను. మీ పత్రిక చొరవ తీసుకుని ఈ మాటను షోరూంల వారి దాకా చేర్చి, వారు ఏమన్నారో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
సింహద్వారం, శ్రీకాకుళం.